నెవార్క్ నైట్ షిఫ్టూ, కోల్ట్రేన్ రికార్డూ

మొన్నటి వానకి మా బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చాయి. న్యూజెర్సీలో ఇల్లున్నవాళ్ళకి ఇదేం కొత్త కాదు. కింద చేరిన నీళ్ళు తోడే సంప్ పంప్ సరిగ్గా అవసరమైన రోజే మొరాయిస్తుంది, కింద పెట్టిన అట్టపెట్టెల అడుగులు మెత్తబడతాయి, ఆ తర్వాత వారం రోజులు ఇల్లంతా తడి అట్ట వాసన. పెట్టెలన్నీ పైకి మోసుకొచ్చి విప్పుతుంటే ఒకదాన్నిండా ఎల్పీ రికార్డులు. కవర్లు ఒక్కొక్కటే తీసి బట్టలారేసే స్టాండు మీద పెడుతున్నాను. వెన్ను మీద నారింజ, నలుపు రంగులున్న కవరొకటి చేతికొచ్చింది. పుస్తకంలా మధ్యకి తెరుచుకునే రకం. తెరవగానే తడి అట్ట వాసనలోంచి పాత సిగరెట్ పొగ వాసన కొట్టింది. నాకు సిగరెట్ అలవాటు లేదు. ఆ పొగ పెద్దాయనది.

రికార్డు పేరు 'అ లవ్ సుప్రీమ్'. జాన్ కోల్ట్రేన్ టెనర్ శాక్సఫోన్, మెకాయ్ టైనర్ పియానో, జిమ్మీ గారిసన్ బేస్, ఎల్విన్ జోన్స్ డ్రమ్స్. 1964 డిసెంబర్ 9న ఒక్క సిట్టింగ్‌లో వాయించేశారు. మొత్తం కలిపి 33 నిమిషాలు. జాజ్ మీద ఎవరు ఏ జాబితా రాసినా అందులో ఇది ఉంటుంది కాబట్టి దీని గొప్పతనం గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. నాకిది ఎవరి వల్ల తెలిసిందో, ఎవరి వల్ల అర్థమైందో చెప్పాలనిపించింది, అంతే. ఒకరు నెవార్క్‌లో టేపులు మార్చే ఆపరేటరు. ఇంకొకరు చీరాలలో పిల్లలకి సంగీతం చెప్పిన మా అమ్మ. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. ఈ రికార్డు విషయంలో ఒక్క మాట మీద కూడా కలవలేదు.

*

వైటూకే రోజులు, అంటే 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తారీఖులు తప్పు చదువుతాయని భయపడిన కాలం. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష వచ్చంటే చాలు, ఫ్లైటెక్కించేసే కాలం. ఎడిసన్‌లో గెస్ట్ హౌస్ అనే పేరుతో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటు, అందులో ఆరుగురం. వంట వంతులవారీగా. ఎవడి వంతొచ్చినా పప్పుచారే. ఓక్ ట్రీ రోడ్డులో గీకితే నంబరొచ్చే ఫోన్ కార్డులు కొనుక్కునేవాళ్ళం. కార్డు మీద రాసిన నిమిషాల్లో సగం "హలో, వినబడుతోందా" అనుకోవడానికే అయిపోయేవి. ఇంట్లోవాళ్ళు అటువైపు అందరూ వరసగా నిలబడి తలో మాటా మాట్లాడేవాళ్ళు. ఆఖరికి అసలు విషయం చెప్పేలోపు లైను కట్టయ్యేది.

నన్ను నెవార్క్‌లో ఒక పెద్ద కంపెనీ డేటా సెంటర్లో నైట్ సపోర్టుకి వేశారు. రాత్రి పదికి బ్యాచ్, అంటే వరసగా నడిచే ప్రోగ్రాములు మొదలవుతాయి, పొద్దున ఆరుకల్లా ఆన్‌లైన్ సిస్టమ్ లేవాలి. మధ్యలో ఏ జాబ్ పడినా, అంటే ఏ ప్రోగ్రాము ఆగిపోయినా, మనమే చూడాలి. ప్రోగ్రాము పడినప్పుడు కనబడే ఎస్-జీరో-సీ-సెవెన్ అనే ఎర్రర్ కోడ్ మాట వింటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఆ తరం కోబాల్ వాళ్ళందరికీ అంతేననుకుంటాను. నేల కింద మరో నేల, పలకల సందుల్లోంచి తన్నుకొచ్చే చల్లగాలి, జూలైలో కూడా స్వెట్టర్లు. టేప్ డ్రైవు కార్ట్రిడ్జిని లోపలికి లాక్కునేటప్పుడు టక్కుమనే చప్పుడు, ఆ వెంటనే గిర్రుమని తిరగడం. మడతల కాగితాన్ని తినేస్తున్నట్టు లైన్ ప్రింటరు రొద. ఒక్కోసారి అన్నీ ఒకేసారి ఆగిపోయేవి. అప్పుడు భయం వేసేది, ఏదో పడిపోయిందన్నమాట. ఇప్పుడవన్నీ క్లౌడ్‌లో ఉన్నాయంటున్నారు. చప్పుడే లేని చోట రాత్రంతా మెలకువగా ఎలా ఉంటారో ఈ పిల్లలు.

ఆ గది పెద్దాయనది. కంపెనీ ఎవరిదైనా గది మాత్రం ఆయనదే. పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు, సర్ అంటే ఆయన ఊరుకోలేదు. గెస్ట్ హౌస్‌లో మావాళ్ళకి చెప్పేటప్పుడు పెద్దాయన అనేవాణ్ణి, అదే ఉండిపోయింది. నెవార్క్‌లోనే పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి, అప్పటికి అరవైకి దగ్గరపడ్డాడు. మెషీన్ రూము తలుపు మీద తిండి, కాఫీ, పొగ నిషేధమన్న బోర్డు పెట్టించింది ఆయనే. తన సిగరెట్ కోసం ఏడంతస్తులు దిగి వెళ్ళేవాడు. కార్ట్రిడ్జిని రెండు చేతులతో పట్టుకోవాలి, విసరకూడదు, ఒకదాని మీద ఒకటి పెట్టకూడదు. వచ్చిన కొత్తలో నేను ఒంటి చేత్తో అందిస్తే తీసుకోలేదు. అలాగే చూస్తూ నిలబడ్డాడు, నేను రెండో చెయ్యి కలిపేదాకా.

పిసినారి కూడా. మెషీన్ కాఫీ ధర పెరిగిందని ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకునేవాడు, కానీ ఎవరికీ పోసేవాడు కాదు. చిన్నప్పటి నుంచీ బాప్టిస్ట్ చర్చిలో డ్రమ్స్ వాయించేవాడట. కన్సోల్ ముందు కూర్చున్నంతసేపూ వేళ్ళు ఆగేవి కావు. ఒకసారి జాగ్రత్తగా గమనించాను: కుడిచెయ్యి తిస్రం (మూడేసి దెబ్బలు) నడుపుతోంది, ఎడమచెయ్యి చతురశ్రం (నాలుగేసి). రెండూ ఎక్కడా కొట్టుకోవడం లేదు. కళ్ళు మాత్రం స్క్రీను మీదే ఉన్నాయి. చిన్నప్పుడు ఈ పాఠం చెప్తూ అమ్మ నా వేళ్ళ మీద స్కేలుతో కొట్టేది, అయినా నాకు రాలేదు.

*

కన్సోల్ పక్కన అరచెయ్యంత రేడియో ఉండేది. ముల్లు ఎప్పుడూ 88.3 మీదే, అంటే నెవార్క్ జాజ్ స్టేషన్ డబ్ల్యూబీజీవో. ఎయిర్ కండిషనర్ల హోరులో వినీ వినబడనట్టు మోగేది. నాకప్పుడు జాజ్ అంటే హోటల్ లిఫ్టులో వినిపించేది, అంతకు మించి తెలీదు.

తెల్లవారుజామున మూడు దాటాక నిద్ర ఆపుకోవడం చాలా కష్టం. అలాంటి వేళ రేడియోలో గాంగ్ మోగింది. ఆ వెనకే శాక్సఫోన్ ఒక్కసారి తలెత్తి పిలిచినట్టు వినబడింది. పెద్దాయన చెయ్యి చాచి వాల్యూమ్ పెంచాడు. అంతకుముందు ఆయన అలా పెంచడం నేను చూడలేదు. శాక్సఫోన్ తగ్గాక కింద బేస్ మీద నాలుగు స్వరాలు. అవే మళ్ళీ, మళ్ళీ. డ్రమ్స్ వచ్చి చేరాయి, పియానో చేరింది. ఆ పైన శాక్సఫోన్ ఎక్కడెక్కడికో వెళ్ళి వచ్చింది. ఏడు నిమిషాల పాటలో ఆరో నిమిషం దాకా మనిషి గొంతే లేదు. అప్పుడు మొదలైంది ఆ జపం. కోల్ట్రేన్ గొంతే, గొప్ప గొంతేం కాదు. రికార్డు పేరునే ఆ నాలుగు స్వరాల మీద పెట్టి అంటూ పోయాడు. మొత్తం 19 సార్లని తర్వాతెప్పుడో లెక్క చూసుకున్నాను. చివరి నాలుగుసార్లు ఒక మెట్టు కిందికి దించాడు, ఉన్నట్టుండి గదిలో వెలుతురు మారినట్టనిపించింది.

సరిగ్గా అప్పుడే కన్సోల్ మీద ఎర్రక్షరాలు. జాబ్ పడింది. నేను లేవబోతే పెద్దాయన ఒక వేలు ఎత్తాడు. "అది ఎక్కడికీ పోదు. ఇది అయిపోతుంది." ఒక్క నిమిషం ఆలస్యమైనా లాగ్ బుక్కులో కారణం రాసే మనిషి! బేస్ ఒక్కటే మిగిలి, అదీ ఆగాక, లేచి రీస్టార్ట్ చేశాడు. లాగ్ బుక్కులో ఏం రాశాడో నేను చూడలేదు.

మర్నాడు రాత్రి అడిగాను, ఆయన ఎవరు, అదేం పాట అని. అంతే. నాకు దాదాపు రెండేళ్ళ చదువు మొదలైంది. రికార్డు అరువిస్తాడేమోనని ఆశపడ్డాను. "రికార్డు, భార్య, డ్రమ్ స్టిక్స్, ఈ మూడూ అరువివ్వను" అన్నాడు. ఆదివారం చర్చి అయ్యాక ఇంటికి రమ్మన్నాడు.

*

ఆయన ఇంట్లో ముందుగదిలో సోఫాకి ప్లాస్టిక్ తొడుగు ఉండేది, కూర్చుంటే కిర్రుమనేది. భార్య చర్చి టోపీ ఇంకా తియ్యకుండానే మొక్కజొన్న రొట్టె పెట్టింది. నేను మాంసం తిననని తెలిసి చాలా జాలిపడింది. పెద్దాయన రికార్డుని అంచులు తప్ప ఇంకెక్కడా తాకకుండా తీసి, గుడ్డతో తుడిచి, పెట్టాడు. అటు రెండు భాగాలు, ఇటు రెండు భాగాలు. మొదటి వైపు వింటున్నంతసేపూ మాట్లాడనివ్వలేదు. తిరగేశాక మూడో భాగం మొదట్లో ఎల్విన్ జోన్స్ ఒక్కడే వాయించేది వస్తుంది. అప్పుడు మాత్రం ఆయనే మాట్లాడాడు. ఏ చెయ్యి ఎప్పుడు, ఏ కాలు ఎప్పుడు అని నాకు పోలికలు పట్టించాడు. "నాలుగు చేతులున్నాయనుకుంటారు. లేవు. రెండే. నేను క్లబ్బులో ముందు వరసలో కూర్చుని లెక్కపెట్టాను."

నాలుగో భాగం వేరు. తాళం లేదు. ఎల్విన్ డ్రమ్స్ మామూలుగా వాయించడు, టింపనీ అనే పెద్ద ఢంకాల మీద ఉరుముతుంటాడు. శాక్సఫోన్ నెమ్మదిగా, ఆగి ఆగి, ఏదో చెప్తున్నట్టు సాగుతుంది. నేను దాన్ని ఆలాపన అనుకుంటూ వింటున్నాను. పెద్దాయన లేచి కవరు తెరిచి నా ఒళ్ళో పెట్టాడు. ఎడమవైపు వినేవాళ్ళకి కోల్ట్రేన్ రాసిన ఉత్తరం. 1957లో దేవుడి దయవల్ల తనకి మెలకువ వచ్చిందనీ, సంగీతంతో ఇతరులకి సంతోషం కలిగించే యోగ్యత ఇమ్మని అప్పుడు వేడుకున్నాననీ రాశాడు. ఆ మెలకువ వెనక సంగతి పెద్దాయన చెప్పాడు. హెరాయిన్, తాగుడు, ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ తన బ్యాండ్‌లోంచి తీసేయడం, ఫిలడెల్ఫియాలో ఇంట్లో ఉండి అన్నీ మానెయ్యడం. రెండోవైపు ఒక కవిత. దేవుడికి రాసుకున్న పద్యంలాంటిది.

సూది ఎత్తి నాలుగో భాగం మళ్ళీ మొదట్నుంచీ పెట్టాడు. పక్కన కూర్చుని కవితలో మొదటి పంక్తి కింద వేలు పెట్టాడు. సిగరెట్ మరకతో పసుపుపచ్చగా ఉన్న గోరు. శాక్సఫోన్ ఒక్కో మాటా పలుకుతుంటే వేలు ఒక్కో మాట కిందికీ జరుగుతోంది. ప్రభూ, నీకు తగినవాణ్ణి కావడానికి చేతనైనదంతా చేస్తాను, అనేది మొదలు. మాటలో ఎన్ని అక్షరాలుంటే అన్ని స్వరాలు. వాక్యం ఆగిన చోట ఊపిరి. దేవుడికి కృతజ్ఞత చెప్పే మాట వచ్చినప్పుడల్లా పలుకు కిందికి దిగి ఆధార స్వరం దగ్గర ఆగుతుంది. కోల్ట్రేన్ నోరు తెరిచి ఒక్క మాట చెప్పడు. మొత్తం చదివేస్తాడు. చివరికి ఆమెన్ దగ్గర వేలూ, శాక్సఫోనూ ఒకేసారి ఆగాయి.

"వాళ్ళ తాతలిద్దరూ పాస్టర్లు. నార్త్ కరోలినా. ప్రసంగం వింటూ పెరిగాడు, ప్రసంగం వాయించాడు. అంతే" అన్నాడు పెద్దాయన. మా ఇద్దరికీ కాఫీ తెమ్మని భార్యని కేకేశాడు. ఇంట్లో మాత్రం పిసినారి కాదు.

*

ఆయన 'అలబామా' కూడా వినిపించాడు. ఇదే నలుగురు, ఏడాది ముందు. 1963 సెప్టెంబర్‌లో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో చర్చి దగ్గర పెట్టిన బాంబు పేలి నలుగురు నల్లజాతి ఆడపిల్లలు చనిపోయిన తర్వాత చేసిన పాట. కోల్ట్రేన్ చేతిరాతలో 'అ లవ్ సుప్రీమ్' ప్లాను కాగితం ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ దగ్గర ఉంది. చివర్లో కలిసి మోగే స్వరాలు 'అలబామా' ఆఖర్లో మోగినట్టే ఉండాలని అందులో రాసుకున్నాడు. ఈ సంగతి నేను చెప్తే పెద్దాయన ఆశ్చర్యపోలేదు. "కాగితం చూడక్కర్లేదు, వింటే తెలీదూ?"

కోల్ట్రేన్ లాంగ్ ఐలండ్‌లో ఆస్పత్రిలో పోయింది 1967 జూలై 17న. లివర్ క్యాన్సర్, నలభై ఏళ్ళు. ఆ రోజులు పెద్దాయనకి ఇంకో రకంగా గుర్తు. అంతకు అయిదు రోజుల ముందు నెవార్క్‌లో ఒక నల్లజాతి టాక్సీ డ్రైవర్ని పోలీసులు కొట్టడంతో ఊరు భగ్గుమంది. 26 మంది చనిపోయారు. నేషనల్ గార్డు సైనికులు వీధుల్లో. పిల్లల్ని కిటికీల దగ్గరికి వెళ్ళనివ్వకుండా నేల మీద పడుకోబెట్టారట. పాలు దొరకలేదట. అంతా చల్లారుతున్న రోజునే రేడియోలో కోల్ట్రేన్ వార్త. "ఎవరికి ఏడవాలో తెలీలేదు" అన్నాడు. మరి దాని గురించి పొడిగించలేదు. నేనూ అడగలేదు. ప్రింటర్లో కాగితం అయిపోయిందని లేచి వెళ్ళాడు.

*

తర్వాత నాకు ప్రాజెక్టు మారింది. పగటి షిఫ్టు, ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో. జార్జ్ వాషింగ్టన్ వంతెనకి కాస్త ఉత్తరాన సిల్వన్ ఎవెన్యూ, దానికి రెండు వైపులా ఆఫీసులు. పెద్దాయనకి ఫోన్ చేసి చెప్తే నవ్వాడు. "రోజూ గుడి ముందు నుంచే వెళ్తున్నావు. నంబరు 445 చూడు."

అది 'అ లవ్ సుప్రీమ్' రికార్డు చేసిన రూడీ వాన్ గెల్డర్ స్టూడియో. చెట్ల మధ్య లోపలికి ఉంటుంది, రోడ్డు మీద నుంచి ఏమీ కనబడదు. వాన్ గెల్డర్ చదువుకున్నది కళ్ళ పరీక్ష. పగలు కళ్ళజోళ్ళు రాసిస్తూ, సాయంత్రాలు హ్యాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ముందుగదిలో మైకులు పెట్టి రికార్డింగులు చేసేవాడు. 1959లో ఈ స్టూడియో కట్టుకున్నాకే ఆ ఉద్యోగం మానాడు. కర్రదూలాలతో 39 అడుగుల ఎత్తు కప్పు. లోపల తిండి, తాగుడు నిషేధం. తన సామాను ఎవరూ తాకకూడదు. తను మాత్రం చేతికి గ్లవ్స్ తొడుక్కుని మైకులు సర్దేవాడు. ఇదంతా చదివినప్పుడు నాకు కార్ట్రిడ్జిని రెండు చేతులతో పట్టుకోమన్న మనిషే కళ్ళముందు కదిలాడు. ఇద్దరూ తారసపడి ఉంటే నిషేధాల బోర్డు రాయడంలో పోటీ పడేవాళ్ళు.

మధ్యాహ్నం లంచ్ డబ్బా కార్లో పెట్టుకుని అటు వెళ్ళి, ఎదురుగా ఆపుకుని, పెరుగన్నం తినేవాణ్ణి. సెకండ్ హ్యాండ్ కరోలాలో క్యాసెట్ డెక్కు ఉండేది. పెద్దాయన చివరికి మనసు కరిగి క్యాసెట్టు మీదికి ఎక్కించి ఇచ్చాడు, లేబుల్ మీద టేప్ లైబ్రరీలోలాగే సీరియల్ నంబరు వేసి. గేటు దగ్గరికి వెళ్ళి బెల్లు కొట్టే ధైర్యం మాత్రం చెయ్యలేదు. వాన్ గెల్డర్ అప్పటికి అందులోనే ఉంటున్నాడు. 2016 ఆగస్టులో పోయింది కూడా ఆ ఇంట్లోనే.

ఆ రోజుల్లోనే ఇద్దరం కలిసి గ్రీనిచ్ విలేజ్‌లో బ్లూ నోట్‌కి వెళ్ళాం, ఎల్విన్ జోన్స్‌ని చూడ్డానికి. టికెట్టు ధర గురించి హాలండ్ టన్నెల్ అంతా తిట్టాడు పెద్దాయన. ముందు ఎల్విన్ భార్య కీకో వచ్చి డ్రమ్ములు సర్ది, బిగింపు సరిచూసింది. ఆ తర్వాత ఆయన వచ్చి కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి. వాయిస్తున్నంతసేపూ గొంతులోంచి ఒక మూలుగు. రికార్డుల్లో లోపల ఎక్కడో వినిపించే ఆ మూలుగు టేపు లోపమేమోనని ఎవరైనా అనుకోవచ్చు, బల్ల పక్కనే కూర్చుంటే అదే ముందు వినబడుతుంది. పెద్దాయన ఆ పూట వేళ్ళు కదపలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

*

మా ఆవిడ పురుటికి అమ్మ వచ్చింది, ఆరు నెలలకి. చీరాల ఇంటి నుంచి శ్రుతి పెట్టె కూడా తెచ్చుకుంది. మనవరాలికి పుట్టిన మూడో రోజు నుంచే సరళీ స్వరాలు మొదలయ్యాయి. అమ్మకి నా పాటలంటే పడదు. అయినా వంటింట్లో తను ఉండగా ఒకరోజు కోల్ట్రేన్ పెట్టాను.

బేస్ మొదలవగానే కూర తరుగుతున్న చప్పుడు ఆగింది. "సగసమ" అంది. "సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం. సగసమ, సగసమ. ఇంతేనా వీడికొచ్చింది?" అంటూ కత్తిపీట దగ్గర్నుంచి లేచి గుమ్మంలోకి వచ్చింది. నేనేమో ఇన్నాళ్ళూ నాలుగు స్వరాలు, నాలుగు స్వరాలు అనుకుంటూ తిరుగుతున్నాను, అవేమిటో పేరు పెట్టి పిలవొచ్చని తట్టనే లేదు.

జపానికి ముందు ఒక చోట కోల్ట్రేన్ ఆ నాలుగు స్వరాలనే పట్టుకుని శ్రుతి మారుస్తూ పోతాడు. అక్కడ అమ్మ మొహం చూడాలి. "శ్రుతి మార్చేశాడేంట్రా! అయ్యో, మళ్ళీ! మళ్ళీ మార్చాడు!" వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టి, మధ్యలో తప్పిపోయింది. పన్నెండు శ్రుతుల్లోనూ తిరుగుతాడని చెప్పాను. లూయిస్ పోర్టర్ అనే ప్రొఫెసర్ దాని గురించి రాశాడనీ, దేవుడు అన్ని చోట్లా ఉన్నాడని చెప్పడానికే అలా తిరిగాడని ఆయన అభిప్రాయమనీ వివరించాను.

"ఆ మాట సా దగ్గర కూర్చునే చెప్పొచ్చు" అంది అమ్మ.

ఇది పెద్దాయనకి చెప్తే ఫోన్లో దగ్గొచ్చేదాకా నవ్వాడు. "మీ అమ్మని మా చర్చికి తీసుకురా. ఒక్కో చరణానికీ శ్రుతి ఒక మెట్టు ఎక్కుతుంది, ఎక్కినప్పుడల్లా జనం లేచి నిలబడతారు. అప్పుడు చెప్పమను." అమ్మ రానంది. పసిపిల్లని వదిలి ఆదివారం పూట చర్చికెందుకంది.

నాలుగో భాగం గురించి మాత్రం నాకు చాలా నమ్మకం. కవరు చూపించి, కవితని ఎలా మాటామాటా వాయించాడో గొప్పగా చెప్పాను. అమ్మ విని, "అందులో వింతేముంది? నాదస్వరం వాళ్ళు చేసేదదేగా" అంది. సాహిత్యం రాని మేళగాడి కీర్తన వినలేమని, ఎక్కడ పదం విరుగుతుందో అక్కడే ఊపిరి విరవాలని, కరవదిలో పుట్టి శ్రీరంగం దాకా వెళ్ళిన షేక్ చినమౌలానా గారు వాయిస్తే కింద కూర్చున్నవాళ్ళందరి పెదాలూ కదిలేవని చెప్పింది. నాకూ గుర్తుంది. ఉత్సవాలకి రాత్రి మేళం గుడి ముందు ఆగినప్పుడు అమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నాదస్వరంతో పాటు నా వీపు మీద తాళం వేస్తూ పెదాలతో కీర్తన పలికేది. పైకి వినబడనిచ్చేది కాదు. నిద్రమత్తులో ఆ మాటలు నాదస్వరంలోంచే వస్తున్నాయనుకునేవాణ్ణి.

కవితలో ఒక్కో పంక్తీ తెలుగులో చెప్పమంది. చెప్పాను. కళ్ళు మూసుకుని విని, రెండు చోట్ల మాట మింగేశాడని తప్పు పట్టింది. "కానీ సా దగ్గరికి వచ్చే పద్ధతి బాగుంది. ఇందాక అన్ని ఊళ్ళు తిరిగినవాడు వీడేనా?" అంది. తర్వాత ఎప్పుడైనా నేను ఆ రికార్డు పెడితే, మొదటి వైపు వద్దని, రెండోదైతే పెట్టమని అనేది.

కోల్ట్రేన్ రెండో కొడుకు పేరు రవి అనీ, పండిట్ రవిశంకర్ మీది గౌరవంతో పెట్టుకున్న పేరనీ చెప్తే తలాడించింది. అమ్మని నిజంగా కదిలించింది ఆయన భార్య ఆలిస్. మెకాయ్ టైనర్ వెళ్ళిపోయాక ఆ పియానో ముందు కూర్చున్నది ఆమే. భర్త పోయాక వేదాంతం వైపు తిరిగింది. పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలు. కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టి భజనలు కట్టింది. "డెట్రాయిట్‌లో పుట్టిన పిల్ల మన పుట్టపర్తికా!" అని అమ్మ ఆ మాటే రెండు రోజులు ఫోన్ కార్డులన్నీ గీకి చీరాలలో అందరికీ చెప్పింది.

*

ఈ నలుగురూ ఎక్కువకాలం కలిసి లేరు. 1965 గడిచేకొద్దీ కోల్ట్రేన్ ఇంకో శాక్సఫోన్, ఇంకో డ్రమ్స్ చేరుస్తూ పోయాడు. చప్పుడు పెరిగింది. ఆ ఏడాది చివర్లో టైనర్, ఆ వెనకే జోన్స్ వెళ్ళిపోయారు. గారిసన్ ఒక్కడే చివరిదాకా ఉన్నాడు. పెద్దాయన లెక్కలో కోల్ట్రేన్ కథ అక్కడితో సరి. ఆ తర్వాతి రికార్డులు ఆయన దగ్గర లేవు, వినిపిస్తే వినడు.

రిటైరయ్యి జార్జియాలో కూతురి దగ్గరికి వెళ్తూ ఎల్పీలన్నీ ఈ పెట్టెలో పెట్టి నాకిచ్చేశాడు. కూతురింట్లో చోటు లేదన్నాడు. అరువు కాదు కదా అని అడిగితే, కాదన్నాడు. ఇంకోమాట కూడా అనుకోవాలి: ఇచ్చేటప్పుడు ఆ ఫ్లాస్కులోంచి నాకు కాఫీ పోశాడు, కప్పు నిండా.

2021లో 'అ లవ్ సుప్రీమ్' సియాటెల్‌లో ఒక క్లబ్బులో వాయించిన రికార్డింగు బయటికొచ్చింది. 1965 అక్టోబర్ 2 నాటిది. ఎన్నో ఏళ్ళు ఎవరి టేపుల్లోనో ఉండిపోయింది. నలుగురూ ఉన్నారు, వాళ్ళతో పాటు టెనర్ శాక్సఫోన్ మీద ఫారో శాండర్స్, ఒక ఆల్టో శాక్సఫోన్, రెండో బేస్. 33 నిమిషాలది 75 నిమిషాలయింది. నాలుగో భాగం నాకు నచ్చింది, మధ్యలో కొన్నిచోట్ల దారి తప్పిపోయాను. మైకులు డ్రమ్స్‌కి దగ్గరగా ఉన్నట్టున్నాయి, శాక్సఫోన్ అవతల గదిలోంచి వస్తున్నట్టుంటుంది. అమ్మ అయితే మొదటి మార్పుకే లేచి వెళ్ళిపోయేది.

పెద్దాయనకి ఎనభై దాటాయి. ఫోన్ చేసి చెప్పాను. ఏడుగురనగానే వద్దన్నాడు. ఆ ఏడాది చివరి రికార్డులంటే తనకి తెలుసని, నలుగురు చాలని, తన చెవులు పాడుచెయ్యొద్దని అన్నాడు. సరే అన్నాను. కాసేపు మోకాళ్ళ నొప్పుల గురించి, జార్జియా ఎండల గురించి మాట్లాడాడు. పెట్టేసే ముందు అడిగాడు.

"ఎల్విన్ వినబడుతున్నాడా అందులో?"

"ఎల్వినే వినబడుతున్నాడు. మిగతావాళ్ళని వెతుక్కోవాలి."

"మరి ముందే చెప్పవేం? పంపించు."